సర్వే వాళ్లు రాకముందే మన ఇంటి లిస్టు మనం రాసుకోవాలె

పోస్టు పెద్దగనే ఉంటది, ఓపికగ చదవండి. ఓపెన్ కాస్ట్ పక్కన ఊరున్నోళ్లు, పోడు భూమి ఉన్నోళ్లు తప్పకుండ చదవండి. ఇంట్ల స్మార్ట్ ఫోన్ మీ ఒక్కరి దగ్గరనే ఉంటే, ఈ పోస్టు ముఖ్యంగ మీకే.

గోదావరిఖని, రామగుండం, సెంటినరీ కాలనీ, మంథని చుట్టుముట్టు ఏ ఊరికి పోయినా ఒకటే ముచ్చట. ఎకరానికి ఎంత ఇస్తరు? ఓసీ ఎక్కడిదాకా వస్తది? ఇల్లు పోతదా, చేను మాత్రమే పోతదా? రామగిరి మండలం లద్నాపూర్ల ఓసీపీ-2 కోసం భూములు, ఇండ్లు తీసుకునే విషయంల పునరావాస ప్యాకేజీ మీద ఏండ్లకేండ్లు పంచాయితీ నడిచింది. మనందరికీ తెలుసు. కానీ ఎకరం రేటు గురించి మాట్లాడినంత, ఇంట్ల ఏమున్నదో రాసుకునుడు గురించి మనం మాట్లాడుకోలే. నా అభిప్రాయం ఏందంటే, భూమి సర్వే నంబర్ ఎట్లాగూ రికార్డుల ఉంటది. ఇంటి సంగతి రికార్డుల ఉండదు. అందుకని నోటీసు రాకముందే, ఎవరింటిది వాళ్లు ఫోటోలు తీసి, నంబర్లు వేసి, పుస్తకంల ఎక్కించి పెట్టుకోవాలె. ఈ పని చదువుకున్న మన పిల్లలే చెయ్యాలె.

ఎందుకు ఇంత గట్టిగ చెప్తున్ననంటే, పరిహారం లెక్క మొత్తం లిస్టు మీద నడుస్తది. 2013 భూసేకరణ చట్టంల సెక్షన్ 16 కింద నష్టపోయే కుటుంబాల సర్వే, జనాభా లెక్క తీస్తరు. ఏ కుటుంబానికి ఏ భూమి, ఏ స్థిరాస్తి పోతున్నది, ఎవరి బతుకుదెరువు పోతున్నది, ఊరి ఉమ్మడి ఆస్తులు ఏమున్నయి, అన్నీ అండ్ల రాయాలె. సెక్షన్ 29 కింద ఇల్లు, కట్టడాల విలువను ఇంజనీర్ తోటి, చెట్ల విలువను వ్యవసాయం, అటవీ, ఉద్యానవనం తెలిసినోళ్ల తోటి కట్టించొచ్చు. తర్వాత సెక్షన్ 30 కింద ఆ మొత్తానికి నూటికి నూరు శాతం సొలేషియం కలుపుతరు. అంటే ఒక కొట్టానికి 20,000 లెక్క కడితే, సొలేషియం తోటి అది 40,000 అయితది. లిస్టుల కొట్టమే లేకపోతే 20,000 కాదు, 40,000 పోయినట్టు.

ఆ సర్వే ఎట్ల జరుగుతదో చూసినోళ్లకు తెలుసు. ఒక్క దినం ఎన్నో ఇండ్లు తిరగాలె. మనుషులు పనికి పోయి ఉంటరు, ముసలమ్మ ఒక్కతే గడపల కూసోని ఉంటది. టేపు పెట్టి పొడవు, వెడల్పు కొలుస్తరు. గోడ మట్టిదా, ఇటుకదా? పైన గూనా, రేకా, స్లాబా? కాగితంల గడులు నిండితే పక్కింటికి పోతరు. ఆ వచ్చినోళ్లు చెడ్డోళ్లని నేను అంటలేను. వాళ్ల కాగితంల ఎన్ని గడులుంటే అన్నే నింపుతరు. మన ఇండ్లను చూసి ఆ గడులు గీయలే. అదీ సమస్య.

మన ఇల్లు అంటే నాలుగు గోడలేనా? ఇంటి వెనక దొడ్డి ఉంటది. పశువుల కొట్టం, మేకల సాల, కోళ్ల గూడు ఉంటయి. పెంటకుప్ప, గడ్డివాము జాగ ఉంటయి. చేదబావి, దాని గిలక, గట్టు ఉంటయి. వెదురు తోటి అల్లి మన్ను మెత్తిన గుమ్మి ఉంటది. వాకిట్ల పాతిన రోలు, అరుగు, తులసి గద్దె ఉంటయి. కంచె, దర్వాజ, మునగ చెట్టు, నిమ్మ చెట్టు, సీతాఫలం, చింత, ఈత ఉంటయి. చేన్ల ఇప్ప చెట్టు ఉంటది. ఇండ్ల ఎన్ని గడులకు ఎక్కుతయి? "ఇతరములు" అని ఒక గడి ఉంటది. మన బతుకు సగం ఆ ఒక్క గడిలనే ఇరుక్కుంటది, లేకపోతే అసలు ఎక్కనే ఎక్కదు.

మన బెల్టుల ఒక సంగతి గమనించండి. ఓసీల డంపర్ కు నంబర్ ఉంటది, షావెల్ కు నంబర్ ఉంటది. స్టోర్ల నట్టు, బోల్టుకు కూడా కోడ్ ఉంటది, రిజిస్టర్ ఉంటది. భూమి లోపలి బొగ్గు పొరకు సైతం నంబర్ ఉంది. ఎంత మందం, ఎంత లోతు అని రాసి పెట్టిన్రు. ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని 1871ల విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త గుర్తించినప్పటి నుంచి ఆ లెక్క రాసుకుంటనే ఉన్నరు. 1886ల హైదరాబాద్ దక్కన్ కంపెనీ వచ్చింది, 1920ల సింగరేణి కాలరీస్ అయింది. ఇన్ని ఏండ్లల బొగ్గు లెక్క పక్కాగ ఉంది. ఆ బొగ్గు మీద ఉన్న గుడిసెల లెక్క మన తాతల నోట్లనే ఉన్నది. తాత పోతే లెక్క కూడా పోతది. రాసుకునే అలవాటు ఉన్నోడికి ఆస్తి నిలుస్తది. ఇది కంపెనీని తిట్టుడు కాదు, కంపెనీ దగ్గర నేర్చుకోవాల్సిన సంగతి.

అమెరికా వంటి దేశాలల ఇల్లు కాలినా, తుఫానుల కొట్టుకపోయినా ఇన్సూరెన్స్ కంపెనీ మొదలు అడిగేది, ఇంట్ల ఏమేం సామాన్లుండె, లిస్టు ఉందా, ఫోటోలున్నయా అని. అందుకని వాళ్లు గదికి ఒక ఫోల్డర్ పెట్టుకోని, సామానుకు ఒక ఫోటో తీసి దాచుకుంటరు. మన ఇండ్లకు ఇన్సూరెన్స్ లేదు. కానీ ఆ పద్ధతి మనకే ఎక్కువ అవసరం. వాళ్ల ఇల్లు పోతే అదే జాగల మళ్ల కట్టుకుంటరు. మన దగ్గర ఓసీ వస్తే జాగనే ఉండదు. నా ఇల్లు ఇక్కడ ఉండె అని చూపెట్టనీకి గోడ కూడా మిగలదు.

ఇప్పుడు నిజం ఒకటి చెప్పాలె. కడవకు, గంపకు, మంచానికి, బట్టల పెట్టెకు చట్టం కింద వేరే పరిహారం రాదు. అవి మోసుకపోయే సామాన్లు. ఇల్లు ఖాళీ చేసే కుటుంబానికి సామాన్ల రవాణాకు ఒకేసారి 50,000 రూపాయలు ఇయ్యాలని ఆ చట్టం రెండో షెడ్యూల్ల ఉంది. పునరావాస భత్యం అని ఇంకో 50,000 ఉంది. అంతే. మరి కడవ ఫోటో, వల ఫోటో ఎందుకు తియ్యాలె? మూడు కారణాలున్నయి.

మొదటిది. మన ఇండ్లల సామాను ఏది, కట్టడం ఏది అన్నది పట్నపోళ్ల లెక్కకు అందదు. మన్ను తోటి ఇంట్లనే కట్టిన గాబును లేపితే పగిలిపోతది. భూమిల పాతిన రోలు తవ్వితేనే వస్తది. దర్వాజ కంటే పెద్దగ అల్లిన గుమ్మి గోడ కూలిస్తేనే బయటికి వస్తది. ఇవి మోసుకపోయేటివి కావు, ఇంటితోపాటు పోయేటివి. ఫోటో తీసి, కొలత రాసి పెట్టుకుంటే ఇంటి విలువల కలపమని అడగొచ్చు. లేకపోతే "అది బుట్టనే కదా" అని ఒక్క మాటల తీసేస్తరు.

రెండోది. సామాను బతుకుదెరువుకు సాక్ష్యం. చట్టంల నష్టపోయే కుటుంబం అంటే పట్టా ఉన్నోళ్లే కాదు. సేకరణకు మూడేండ్ల ముందు నుంచి ఆ ప్రాంతంల పని చేసుకుంట, ఆ పని మీదనే బతికే కూలీలు, కౌలుదార్లు, చేతిపనోళ్లు కూడా వస్తరు. అడవి మీద, నీళ్ల మీద బతికేటోళ్లు వస్తరు. తునికాకు ఏరేటోళ్లు, ఇప్పపువ్వు ఏరేటోళ్లు, చేపలు పట్టేటోళ్లు వస్తరు. చేతిపనోళ్లకు, చిన్న వ్యాపారులకు కనీసం 25,000, పశువుల కొట్టం ఉన్నోళ్లకు, చిన్న దుకాణం ఉన్నోళ్లకు కనీసం 25,000 అని రెండో షెడ్యూల్ల రాసి ఉంది. నేను బుట్టలు అల్లుత అని నోటితో చెప్తే నమ్మాలని లేదు. వెదురు చీల్చే కత్తి, సగం అల్లిన చాట, గోడకు ఆనించిన వెదురు కట్టలు, ఇవన్నీ తేదీ తోటి ఫోటోల ఉంటే అది వేరే మాట. వల, నాగలి, గుంటుక, కాడి, ఎడ్లబండి కూడా అంతే. పట్టా లేని ఇంటికి ఆ సామానే పట్టా లెక్క.

మూడోది, నా లెక్కల అన్నిటికంటే ముఖ్యమైంది, పొయ్యి. మనోళ్లు కొడుకుకు పెండ్లయితే అదే కప్పు కింద తడిక అడ్డం పెట్టి వేరు పడతరు. ఇంటి నంబర్ ఒకటే, కరెంటు మీటర్ ఒకటే. కానీ పొయ్యిలు రెండు, బియ్యం డబ్బాలు రెండు, నీళ్ల బిందెలు రెండు జాగలల ఉంటయి. సర్వే కాగితంల అది ఒక ఇల్లు, ఒక కుటుంబం. చట్టంల మాత్రం కుటుంబం అంటే భార్యాభర్తలు, వాళ్ల చిన్న పిల్లలు. భర్త పోయిన ఆడామె, విడాకులైన ఆడామె, వదిలేసిన ఆడామె వేరే కుటుంబం. పెద్ద వయసు వచ్చినోళ్లు ఆడైనా, మగైనా, పెండ్లైనా, కాకపోయినా వేరే కుటుంబం. సెక్షన్ 3ల ఈ ముచ్చట స్పష్టంగ ఉంది. రెండు పొయ్యిల ఫోటో రెండు కుటుంబాలకు సాక్ష్యం అయితది. అత్తగారింటి నుంచి తిరిగొచ్చి అన్న ఇంట్ల మూలకు ఉంటున్న అక్క పెట్టె, ఆమె వండుకునే గిన్నెలు, ఆమె మేకలు, ఇవి ఆమె పేరు మీద రాయాలె. "ఇంటి పెద్ద" గడిల అన్న పేరు రాసేసరికి ఆమె అసలు లేనట్టే అయితది.

ఇక్కడనే మన హాస్టల్ పిల్లల సంగతి వస్తది. మనకు 18 నిండినయి. చట్టం ప్రకారం మనం వేరే కుటుంబం. కానీ సర్వే వచ్చిన దినం మనం ఊర్ల ఉండం, హాస్టల్ల ఉంటం. "మీ ఇంట్ల ఎంతమంది ఉంటరు" అని అడిగితే అమ్మ "ఇద్దరం ఉంటున్నం సారు, పిల్లగాడు చదువుకుంటున్నడు" అని ఉన్నది ఉన్నట్టు చెప్తది. ఆమె చెప్పింది అబద్ధం కాదు. కానీ ఆ మాట తోటే మన పేరు పోయే ప్రమాదం ఉంది. ఏ తేదీ నాటికి 18 నిండాలె, ఊర్ల ఉంటున్నట్టా లేనట్టా అనే దాని మీదనే ఎక్కడ చూసినా గొడవలు అయితయి. కాబట్టి ఆధార్ల ఊరి అడ్రస్ తీసేసి హాస్టల్ అడ్రస్ పెట్టుకోకండి. రేషన్ కార్డుల పేరు ఉందా, ఓటరు లిస్టుల ఊర్లనే ఉందా చూసుకోండి. ఇంట్ల మన పుస్తకాలు, మన పెట్టె, మనం పండే మంచం, పదో తరగతి మెమో, అవి కూడా ఫోటో తీసి మన పేరు మీద రాయండి. చదువుకునుడు కోసం ఊరు దాటినోడు ఊరోడు కాకుండ పోవుడు కంటే అన్యాయం ఉండదు. మొదటిసారి కాలేజీ గడప తొక్కిన ఇండ్లల ఈ అన్యాయం ఎక్కువ జరుగుతది, ఎందుకంటే ఇంటి దగ్గర కాగితం చదివేటోళ్లు ఉండరు.

ఇగ ఫోటోల సంగతి. ఫోన్ల వెయ్యి ఫోటోలుంటే ఆస్తి రికార్డు ఉన్నట్టు కాదు. పెండ్లి ఫోటోలు, రీల్స్, గుడ్ మార్నింగ్ మెసేజ్ ల నడుమ ఇంటి ఫోటో ఎక్కడుందో అడిగినప్పుడు దొరకదు. వరుస పెడితేనే అది రికార్డు. నా ఆలోచన ప్రకారం ఇట్ల చేస్తే బాగుంటది.

ముందు బయటి నుంచి మొదలు పెట్టాలె. ఇంటి నాలుగు మూలల నుంచి నాలుగు ఫోటోలు తియ్యాలె. పక్కన ఊరోళ్లందరికీ తెలిసిన గుర్తు, అంటే గుడి, ట్యాంకు, పెద్ద చెట్టు ఏదైనా ఒకటి అండ్ల పడాలె. తర్వాత కప్పు, గోడలు, నేల. తర్వాత దర్వాజ నుంచి లోపలికి పోయి కుడి చెయ్యి దిక్కు నుంచి ఒక చుట్టు తిరుగుకుంట ప్రతి గోడను తియ్యాలె. ఆ తర్వాతనే ఒక్కొక్క సామాను. చివరికి దొడ్డి, కొట్టం, బావి, చెట్లు, కంచె. ప్రతి ఇంట్ల ఇదే వరుస ఉంటే ఏది తప్పిపోయిందో వెంటనే తెలుస్తది.

కొలత కనపడాలె. పక్కన టేపు పెట్టండి, లేకపోతే గజం కట్టె పెట్టండి. చెట్టు పక్కన మనిషి నిలబడాలె. పెద్ద సామాన్ల ఫోటోల ఇంటోళ్లు ఒకరు ఉంటే మంచిది.

ఒక నోటుబుక్కు తీసుకోని గీతలు గీయండి. వరుస నంబర్, వస్తువు పేరు, ఎన్ని, దేనితో చేసింది, కొలత, ఏ ఏడు కట్టింది లేదా కొన్నది, ఎవరిది, ఫోటో నంబర్. ఫోన్లనో కంప్యూటర్లనో ఆ ఫోటో పేరు కూడా అట్లనే మార్చాలె. ఇంటి నంబర్, జాగ, వరుస నంబర్. "4-12, దొడ్డి, 07" అని పెడితే అది ఏందో పదేండ్ల తర్వాత కూడా తెలుస్తది. పేరు మార్చని ఫోటోకు అర్థం మన తలకాయల ఉంటది, మనం మర్చిపోతే పోతది.

పేర్లు మనం పిలిచే పేర్లే రాయండి. గోండిల, కోయల, కొలామిల, నాయకపోడు ఇండ్లల, తండల ఏ పేరు ఉంటే ఆ పేరు ముందు రాసి, పక్కన తెలుగుల రాయండి. పేరు అమ్మనో, అవ్వనో అడగాలె. చాలా సామాన్ల పేర్లు మనకే రావు అన్న సంగతి అప్పుడు తెలుస్తది.

పాత ఫోటోలను మర్చిపోకండి. మూడేండ్ల ముందు నుంచి ఉంటున్నట్టు చూపెట్టాలంటే ఇప్పుడు తీసిన ఫోటో సరిపోదు. అక్క పెండ్లి ఆల్బంల వెనక కొట్టం కనపడుతుండొచ్చు. చిన్నప్పటి ఫోటోల బావి గట్టు మీద మనం కూసోని ఉండొచ్చు. అవి కూడా స్కాన్ చేసి అదే వరుసల పెట్టాలె.

ఫోటో వాట్సాప్ల మామూలుగ పంపితే సైజు తగ్గుతది, ఫోటో లోపల దాగి ఉండే తేదీ, జాగ వివరాలు పోతయి. అందుకని అసలు ఫైలును తీసిన ఫోన్లనే ఉంచి, ఇంకో కాపీని మెమరీ కార్డులనో పెన్ డ్రైవ్లనో వెయ్యాలె, ఇంకోటి డ్రైవ్ల పెట్టాలె. వాట్సాప్ల పంపక తప్పకపోతే డాక్యుమెంట్ లెక్క పంపండి. తేదీ, మ్యాప్ అచ్చు వేసే కెమెరా యాప్ లు వాడొచ్చు, పంచాయతీ సెక్రటరీలు వాడుతుంటరు కదా. కానీ మామూలు కెమెరాతో కూడా ఒకటి తీసి పెట్టండి. 2024 జూలై 1 నుంచి అమలుల ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం, ఫోన్ల ఉన్న ఫోటో కోర్టుల సాక్ష్యంగ పెట్టాలంటే సర్టిఫికెట్ కావాలె. అండ్ల ఒక భాగం ఆ ఫోన్ ఉన్నోళ్లు, ఒక భాగం నిపుణుడు సంతకం పెట్టాలె. ఎవరి ఫోన్ తో తీసినమో, ఏ దినం తీసినమో అందుకే పుస్తకంల రాయాలె. చివరికి అన్ని ఫోటోలు చిన్నగ ప్రింట్ తీయించి, ఇంటోళ్లు, ఇద్దరు పొరుగోళ్లు సంతకం పెట్టి, ఒక కాపీ పంచాయతీల ఇచ్చి ముద్ర వేయించుకుంటే ఇంకా గట్టిగ ఉంటది.

ఒక్క జాగ్రత్త. ఈ ఫోటోలు ఈ గ్రూప్ల పెట్టకండి. బంగారం, వెండి కడియాలు, ఆధార్, బ్యాంకు పుస్తకం ఫోటోలు అసలే పెట్టకండి. ఎవరింటిది వాళ్ల ఇంట్లనే ఉండాలె.

దీని మీద వచ్చే మాటలు కూడా నాకు తెలుసు. పెద్దమనుషులు కొందరు "ఫోటోలు తీస్తే ఇల్లు ఇయ్యనీకి ఒప్పుకున్నట్టే" అంటరు. పోరాటంల ఉన్న అన్నలు కొందరు "ముందు భూమి ఇయ్యం అని నిలబడాలె, లిస్టు రాసుడు అంటే ఓడిపోయినట్టే" అంటరు. ఈ మాటను నేను తేలికగ తీసుకుంటలేను. షెడ్యూల్డ్ ప్రాంతంల సెక్షన్ 41 కింద గ్రామసభ ముందస్తు సమ్మతి కావాలె. మణుగూరు, ఇల్లందు దిక్కు మనోళ్లకు అది పెద్ద ఆయుధం. రామగుండం దిక్కు షెడ్యూల్డ్ ప్రాంతం కాదు కాబట్టి ఆ ఆయుధం లేదు. కానీ ఎక్కడైనా సర్వేను ఆపాలా వద్దా అనేది ఊరు కూసోని తీర్మానం చేసుకునే ముచ్చట. మన లిస్టు మన దగ్గర ఉంటది. అది ఎవరికీ ఇచ్చిన కాగితం కాదు, ఎవరూ అడిగింది కాదు. ఊరు వద్దు అంటే, ఇక్కడ ఏం పోతదో లెక్కతో చెప్పనీకి అది పనికొస్తది. ప్రాథమిక నోటిఫికేషన్ మీద అభ్యంతరాలకు సెక్షన్ 15 కింద 60 దినాలు మాత్రమే టైం ఉంటది. ఆ 60 దినాలల కూలి పని చేసుకుంట, కాలేజీకి పోయి వచ్చుకుంట ఇండ్లన్నీ రాసుడు అయితదా? ముందే రాసి ఉన్న ఊరు గట్టిగ కొట్లాడుతది.

ఒకవేళ తీసుకునుడు ఖాయం అయితే అప్పుడు లిస్టు ఇంకా అవసరం. కొన్నిచోట్ల ఒప్పందం కాగితం మీద సంతకం తీసుకుంటరు. సంతకం అయినంక "మా కొట్టం రాయలే సారు" అంటే కష్టం. అవార్డు తక్కువ అనిపిస్తే సెక్షన్ 64 కింద అథారిటీకి పంపమని అడగొచ్చు. అవార్డు చెప్పేటప్పుడు మనం అక్కడ ఉంటే 6 వారాల లోపలనే అడగాలె. ఇంకోటి, నిరసన లేకుండ పైసలు తీసుకున్నోళ్లకు ఆ హక్కు ఉండదని సెక్షన్ 77ల ఉంది. కాబట్టి పైసలు తీసుకునే కాగితం మీద "నిరసనతో తీసుకుంటున్నాను" అని రాయాలె. అవ్వకు, తాతకు ఈ ఒక్క మాట నేర్పినా చాలు.

ఇంకో దిక్కు నుంచి వచ్చే మాట, రాత్రికి రాత్రి షెడ్లు వేసి పరిహారం కొట్టేసేటోళ్లు ఉన్నరని. ఉన్నరు. వాళ్ల వల్ల నిజంగ కొట్టం ఉన్న ఇంటిని కూడా అనుమానంతో చూస్తరు. పోయిన ఏడు, అంతకు ముందేడు తీసిన ఫోటో ఉంటే ఆ అనుమానం మన దగ్గరికి రాదు. మనం కూడా ఉన్నదే రాయాలె. రెండు మేకలుంటే రెండే రాయాలె. ఒక్క అబద్ధం దొరికితే పుస్తకం మొత్తం అబద్ధం అంటరు.

దేవుండ్ల సంగతి వేరు. పెన్, ఇలవేల్పు, నాయకపోడోళ్ల లక్ష్మీదేవర, పెద్దల గద్దెలు, ఇవి పెద్దమనుషులను, పూజారిని అడగకుండ ఫోటో తియ్యొద్దు. వద్దు అంటే వద్దు. పుస్తకంల "ఇక్కడ మా దేవర ఉంది, విలువ కట్టరాదు" అని ఒక్క వాక్యం రాస్తే చాలు. అన్నిటికీ రేటు ఉండదు అన్న సంగతి కూడా లిస్టుల ఉండాలె.

ఇల్లు పోని ఊర్లకు కూడా ఇది పనికొస్తది. ఓసీ బ్లాస్టింగ్ కు గోడలు పగిలినయి అంటే, "పాత పగులే" అంటరు. 2017 బొగ్గు గనుల నిబంధనల ప్రకారం బ్లాస్టింగ్ జాగ నుంచి 500 మీటర్ల దాకా డేంజర్ జోన్. దానికి దగ్గరున్న ఇండ్లోళ్లు పగులు పక్కన స్కేలు పెట్టి నెలకొకసారి అదే జాగల ఫోటో తీస్తే, పగులు పెరిగిందా లేదా ఎవరైనా చూడొచ్చు. పోడు భూములోళ్లకైతే అటవీ హక్కుల చట్టం 2007 నియమాలలో 13వ నియమం చదవమని చెప్తున్న. ఇల్లు, గుడిసె, భూమి చదును చేసిన గుర్తులు, గట్లు, బావులు, బొందల గడ్డ, దేవుని జాగ, పెద్దలు చెప్పి రాయించిన మాట, ఇవన్నీ సాక్ష్యాలే అని అండ్ల ఉంది. 2005 డిసెంబర్ 13 కంటే ముందు నుంచి ఉన్నట్టు చూపెట్టాలె కాబట్టి పాత ఫోటోలు అక్కడ బంగారం. వరదల సంగతి చెప్పే పని లేదు. 2022 జూలైల గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులు వచ్చింది. ఆ ఏడు నది పొంటి ఎన్ని ఊర్లల కాగితాలు, సర్టిఫికెట్లు నీళ్లల పోయినయో మన గ్రూప్లనే చాలామందికి తెలుసు.

మన ఇండ్లను ఫోటోలు తీసినోళ్లు ఇంతకు ముందు లేకపోలేదు. 1940లల హైమెండార్ఫ్ ఆదిలాబాద్ గోండు, కొలాం గూడేలు తిరిగి ఎన్నో ఫోటోలు తీసిండు. అవి లండన్ల సోయస్ విశ్వవిద్యాలయంల భద్రంగ ఉన్నయి, వరుస తోటి, వివరాల తోటి. మంచిదే. కానీ మన తాతల గుమ్మి ఫోటో లండన్ల ఉండి, మన గుమ్మి ఫోటో మన దగ్గర లేకపోవుడు బాగలేదు.

అందుకని నా విన్నపం. బతుకమ్మ, దసరా సెలవులకు అందరం ఊర్లకు పోతం కదా. ఎవరింటిది వాళ్లు పూర్తి చేయండి. ఆ తర్వాత ఫోన్ లేని ఒక్క ఇల్లు పట్టుకోండి. ఒంటరి ఆడామెది, పిల్లలు లేని ముసలోళ్లది, వలస పోయినోళ్లది. ఇంటికి ఒక పూట పడతది. ఇద్దరు కలిస్తే ఒకరు ఫోటో తీస్తరు, ఒకరు రాస్తరు. లా చదువుతున్న అన్నలు, అక్కలు నోటుబుక్కు గడుల నమూనా ఒకటి తయారు చేసి పెడితే అందరం అదే వాడుదం. మీ ఊర్ల ఏ నోటీసు వచ్చింది, ఏ సెక్షన్ కింద వచ్చింది, తేదీ ఎంత, అది కూడా కామెంట్ల రాయండి. మన రాష్ట్రంల ఈ చట్టానికి సవరణలు కూడా ఉన్నయి, కాబట్టి నోటీసుల రాసిన సెక్షన్ చూసినంకనే తర్వాత అడుగు ఏందో వకీలును అడగాలె.

ఇంకా మీ ఇంట్ల ఏ సామానుకు సర్వే కాగితంల గడి లేదో, దాని పేరు మీ భాషల రాయండి. ఆ పేర్లన్నీ కలిపితేనే మన నమూనాల గడులు పూర్తయితయి.